హార్నెట్ మాత్ ఎక్కాలా, టైగర్ మాత్ ఎక్కాలా?

ఇంగ్లండ్‌లో పాత రెండంతస్తుల రెక్కల విమానం ఒక్కసారైనా ఎక్కాలని ఉంది, టైగర్ మాత్ మంచిదా హార్నెట్ మాత్ మంచిదా అని అడిగారు కదా. నేను రెండూ ఎక్కాను. ఒళ్లు జలదరించాలంటే టైగర్, పక్కన మనిషితో కబుర్లు చెప్పుకుంటూ ఊళ్లు చూడాలంటే హార్నెట్. నా ఓటు హార్నెట్‌కే.

టైగర్‌కి పైకప్పు ఉండదు, ముందు మీరు, వెనక పైలట్, ముఖం మీద ఆగకుండా గాలి. ఇరవై నిమిషాలకే నాకు చెవులు దిమ్మెక్కాయి. హార్నెట్ కూడా టైగర్‌ని చేసిన బ్రిటిష్ కంపెనీ డీ హావిలాండ్ వాళ్లదే, 1934లో మొదటిసారి ఎగిరింది, 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ ఇంజను. కాకపోతే మూసిన క్యాబిన్, పక్కపక్కనే రెండు సీట్లు. మొత్తం 160 పైచిలుకే తయారయ్యాయి.

నన్ను ఎక్కించింది మా పక్కింటి పెద్దాయన, ఆ విమానంలో ఆయనకో వాటా ఉంది. ఎక్కబోతూ రెక్క మీద కాలు పెట్టానో లేదో, "అక్కడ కాదు, అది బట్ట!" అని అరిచాడు. నిజంగానే చెక్క చట్రం మీద బిగించిన బట్ట, వేలితో తడితే డప్పులా మోగుతుంది. ఇంజను స్టార్ట్ చేయడానికి ప్రొపెల్లర్‌ని చేత్తోనే తిప్పాలి, మూడోసారికి అందుకుంది, అంతే, క్యాబిన్ నిండా పెట్రోలు, వేడి ఆయిలు వాసన, చిన్నప్పుడు మా పొలంలో ఇంజను దగ్గర నిలబడ్డట్టే అనిపించింది.

నాకు బాగా నచ్చింది దిగేటప్పుడు. దీనికి ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంగే పలకలు, లేవు, మరి వేగం తగ్గేదెలా అంటే, చక్రాల కాళ్లకున్న తొడుగుల్ని లోపలి లివర్‌తో అడ్డంగా తిప్పేస్తారు, అవి గాలికి ఎదురు నిలబడతాయి. వెనక నుంచి ఎవరో స్కూటర్ పట్టి లాగినట్టు ఉంటుంది! మొదట్లో వచ్చిన హార్నెట్లకి రెక్కల చివర్లు సన్నగా ఉండేవి, నెమ్మదిగా దిగుతుంటే ఒక పక్కకి ఒరిగిపోయేవట, తర్వాత కంపెనీవాళ్లే చివర్లు వెడల్పుగా ఉన్న రెక్కలు తెచ్చారు. మేం ఎక్కింది ఆ రెండో రకం, అయినా గడ్డి మీద రెండు గెంతులు గెంతింది. ఆయన తప్పేలెండి, ఒప్పుకున్నాడు కూడా.

1941 జూన్‌లో ఇద్దరు డేనిష్ కుర్రాళ్లు, థామస్ స్నెయుమ్, కెల్ పెడర్సన్, జర్మన్ల చేతిలో ఉన్న డెన్మార్క్ నుంచి ఫానో దీవిలోని జర్మన్ రాడార్ ఫొటోలతో ఇంగ్లండ్‌కి పారిపోయింది హార్నెట్‌లోనే. ఓ కొట్టంలో దాచిన విమానాన్ని రహస్యంగా బిగించుకుని ఎగిరారు, పెట్రోలు చాలదని స్నెయుమ్ సముద్రం మీదే తలుపు తెరిచి రెక్క మీదకి దిగి, గొట్టం పెట్టి ట్యాంకు నింపాడు. నేను ఆ తలుపు పక్కనే కూర్చున్నాను, అద్దం దించడానికే టెన్షన్.

టైగర్ రైడ్‌కి డక్స్‌ఫర్డ్ విమాన మ్యూజియం లాంటి చోట్ల టికెట్ దొరుకుతుంది. హార్నెట్‌కి మాత్రం గడ్డి రన్‌వే ఉన్న చిన్న ఫ్లయింగ్ క్లబ్బుకి ఆదివారం పొద్దున్నే వెళ్లి పరిచయం చేసుకోవడమే. దిగాక రెక్కలు వెనక్కి మడిచి షెడ్డులోకి తోయడానికి మీరూ ఒక చెయ్యి వేయాల్సి వస్తుంది, తెల్ల చొక్కా వేసుకోకండి.