తుపాకీకి ఎర్ర గుడ్డ

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. డల్లాస్‌లో ఉన్న వాళ్ల బావ పంపాడంటూ ఒక ఇంగ్లిష్ పాట వీడియో పదే పదే చూస్తున్నాడు. చొక్కా లేని ఒకాయన డాన్సు చేస్తూ చేస్తూ, కుర్చీలో కూర్చున్న మనిషిని తలలో కాల్చి, ఏమీ జరగనట్టు మళ్లీ డాన్సు మొదలుపెడతాడు. నేను సగంలో లేచి వెళ్లిపోయాను. "అది పాలిటిక్స్ అమ్మా, నీకు అర్థం కాదు" అంటాడు వాడు. రక్తం చూపించి డబ్బు చేసుకోవడం రాజకీయం ఎలా అవుతుందండీ? పిల్లాడి మనసు మొద్దుబారుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు చెప్పింది 'దిస్ ఈజ్ అమెరికా' అయి ఉంటుందమ్మా. 2018 మేలో వచ్చింది. పాడింది చైల్డిష్ గాంబినో, అసలు పేరు డోనాల్డ్ గ్లోవర్. డైరెక్టర్ హిరో మురాయ్. డబ్బు రాలేదని నేననను. పాట అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్‌లో నేరుగా మొదటి స్థానంలో దిగింది, మరుసటి ఏడాది 4 గ్రామీ సంగీత అవార్డులు కొట్టేసింది.

నేను పాతికేళ్లు కృష్ణానగర్‌లో ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్నవాణ్ని. మనుషుల్ని కాల్చే సీన్లు ఎన్ని కోశానో లెక్కలేదు. మన పద్ధతి మీకు తెలిసిందే. తుపాకీ క్లోజప్, హీరో కళ్లు, ట్రిగ్గర్ మీద వేలు, చెవులు అదిరే చప్పుడు, విలన్ గాల్లోకి లేవడం, అదీ నాలుగు యాంగిల్స్‌లో. ఒక్క చావుని పది ముక్కలు చేసి అతికిస్తాం. అప్పుడు హాల్లో ఎవరికీ భయం వేయదు, ఈల వేయాలనిపిస్తుంది. నాకు జీతం ఇచ్చింది ఆ ఈల కోసమే.

ఈ వీడియోలో ఆ కోతలు లేవు. ఒక ఖాళీ గోడౌన్. ఒకాయన కుర్చీలో కూర్చుని గిటార్ వాయిస్తుంటాడు. వెనక హాయిగా కోరస్. కెమెరా గ్లోవర్ వెంట నడిచి, మళ్లీ ఆ కుర్చీ దగ్గరికొచ్చేసరికి గిటార్ ఉండదు, ఆ మనిషి తలకి ముసుగు ఉంటుంది. గ్లోవర్ ఒళ్లు వంకర తిప్పి నిలబడి కాలుస్తాడు. ఆ వంకర ఊరికే పెట్టింది కాదు. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడిన 'జిమ్ క్రో' వేషం నిలబడే తీరు అది. తూటా పేలిన క్షణంలోనే కోరస్ తెగిపోయి కిందనుంచి బరువైన బేస్ మోత మొదలవుతుంది. కెమెరా మాత్రం కదలదు, కళ్లు తిప్పుకోవడానికి మనకి ఇంకో షాట్ ఇవ్వదు. మీరు లేచి వెళ్లిపోయింది ఇక్కడే అనుకుంటాను. నేనూ మొదటిసారి ఆపేశాను.

ఆ తర్వాత జరిగేది మీరు చూసి ఉండరు. ఒక కుర్రాడు ఎర్ర గుడ్డ పట్టుకుని పరుగున వస్తాడు. తుపాకీని అందులో పెట్టించుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా తీసుకెళ్తాడు. చచ్చినాయన్ని ఇద్దరు కాళ్లో చేతులో పట్టి నేలమీద ఈడ్చుకుపోతారు. అంతే, అదే వీడియో! కాసేపటికి 10 మంది చర్చి గాయకులు చప్పట్లు కొడుతూ పాడుతుంటే వాళ్లనీ పిట్టల్లా కాల్చేస్తాడు. మళ్లీ ఎర్ర గుడ్డ వస్తుంది. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ అనే ఊళ్లో నల్లవాళ్ల చర్చిలో ఒక తెల్ల కుర్రాడు 9 మందిని చంపాడు. అమెరికాలో ఈ సీన్ చూసినవాళ్లకి అదే గుర్తొచ్చింది.

ఇంకో చమత్కారం ఫోకస్‌లో ఉంది. ముందు యూనిఫాం పిల్లలు ముచ్చటగా గంతులేస్తుంటారు, మన కళ్లు వాళ్ల మీదే. వెనక మసకగా జనం పరుగులు, కార్లకి మంటలు, తెల్ల గుర్రం మీద ఒకడు. మీ అబ్బాయి పదిసార్లు చూస్తున్నది ఆ వెనకది పట్టుకోవడానికైతే, చూడనివ్వండి. స్టెప్పుల కోసమైతే వాడికి ఈ వీడియో అర్థం కాలేదన్నమాట. తేల్చుకోవడం సులువే. ఫోన్ పక్కన పెట్టించి, "గిటార్ వాయించినాయన మళ్లీ ఎక్కడ కనపడ్డాడ్రా?" అని అడగండి. చివర్లో గ్లోవర్ కారెక్కి డాన్సు చేస్తుంటే ఆ మనిషి అక్కడే ఉంటాడు, తలకి ముసుగుతోనే వాయిస్తూ. అది చెప్పగలిగితే వాడి మనసుకి ఢోకా లేదు.

ప్రశ్న: ఎం.ఐ.ఎ. అనే గాయని పాట 'బార్న్ ఫ్రీ' వీడియోకి యూట్యూబ్‌లో అడ్డంకులు పెట్టారని చదివాను. మీ ఉద్దేశంలో అది తప్పా, ఒప్పా? మా తమ్ముడికి 12 ఏళ్లు, వాడూ చూస్తానంటున్నాడు.
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: బాబూ, అది 2010 నాటిది, రొమైన్ గావ్రాస్ తీశాడు. అమెరికన్ సైనికుల్లాంటి వాళ్లు ఎర్రజుట్టు ఉన్న మనుషుల్ని ఏరి, బస్సెక్కించి, ఎడారికి తీసుకెళ్లి మందుపాతరల మీద పరిగెత్తిస్తారు. ఎర్రజుట్టు ఎందుకంటే, 'ఇది ఫలానా జాతి గొడవ, మనకెందుకు' అని చూసేవాడు పక్కకి తప్పుకోకుండా. ఆలోచన గట్టిదే. ఎడిటర్‌గా నాకు నచ్చనిది, ఒళ్లు తునాతునకలయ్యే చోట కెమెరా కాస్త సంబరపడుతుంది. నాకు ఆ సంబరం బాగా పరిచయం.

ఇలాంటి వీడియో చేయడానికి ఎం.ఐ.ఎ.కి కారణం ఉంది. లండన్‌లో పుట్టినా చిన్నతనం జాఫ్నాలో గడిచిన తమిళురాలు. 2009 ఆగస్టులో బ్రిటన్ చానల్ 4, శ్రీలంక సైనికులు బట్టల్లేని తమిళ బందీలను వెనకనుంచి కాలుస్తున్నారంటూ ఒక దృశ్యం చూపించింది. బూటకమని అక్కడి ప్రభుత్వం కొట్టిపారేసింది. అసలైనదిగానే కనిపిస్తోందని ఐక్యరాజ్యసమితి తరఫున పరిశీలించిన నిపుణులు 2010 జనవరిలో చెప్పారు. ఆ నిజం దృశ్యం వార్తల్లో వచ్చినప్పుడు నేను కాఫీ తాగుతూ చూశాను, గ్లాసు కింద పెట్టలేదు. ఈ నటుల వీడియోకి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకని పెద్దవాళ్లకి అది అందుబాటులో ఉండాల్సిందే అంటాను.

మీ తమ్ముడికి మాత్రం వద్దు. అందులో అందరి ముందూ తలలో కాల్చేసే పిల్లాడిది ఇంచుమించు వాడి ఈడే.