సంగీతాన్ని కాదు, అడుగును చేతికి అందించండి

ప్రేక్షకులకు కంపనాలు అందించే పరికరాలతో ప్రత్యక్ష నృత్యం మరింత బాగా అనుభవంలోకి వస్తుందా, లేక అదంతా ఉత్త ఆర్భాటమా అని అడిగారు. అనుభవంలోకి వస్తుంది. అయితే దేన్ని కంపనంగా మారుస్తున్నామన్నదే అసలు సంగతి. ఒక చిన్న నృత్య బృందంతో కలిసి ఈ పని చేశాను కాబట్టి మా పొరపాటుతోనే మొదలుపెడతాను.

మొదటిసారి సంగీతాన్నే కంపనాలుగా మార్చి కుర్చీలకు పంపాం. పది నిమిషాలకే అందరికీ విసుగొచ్చింది. ఆగకుండా సాగే కంపనాన్ని చర్మం కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. పైగా చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 20,000 అదురులు) దాకా వింటే, చర్మం పసిగట్టేది సుమారు 1,000 హెర్ట్జ్ లోపే. స్వరాల సొగసంతా జారిపోయి మోత ఒక్కటే మిగిలింది.

రెండోసారి వేదిక చెక్కల అడుగున కాంటాక్ట్ మైకులు బిగించాం. అవి గాలిలోని శబ్దాన్ని వదిలేసి చెక్క అదురును పట్టుకుంటాయి. ఆ అదురును ఒడిలో పెట్టుకునే చిన్న దిండుకు పంపాం. మడమ దిగితే బరువైన దెబ్బ, మునివేళ్లు రాసుకుంటే సన్నని గరగర.

చూపు లేని ఒక ప్రేక్షకురాలు నా పక్కనే కూర్చుని రెండు అరచేతులూ దిండుకు ఆనించారు. నర్తకి పరుగెత్తి ఎగిరింది. దిండు నిశ్చలమైపోయింది. ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి. పాదాలు నేలను తాకాక గానీ ఊపిరి వదలలేదు. "ఎంతసేపు గాలిలో ఉందో ఇప్పుడు తెలిసింది" అన్నారు తర్వాత. సంగీతం హోరులో ఆ పాదాల చప్పుడు నాకే వినిపించలేదు.

పరికరాల విషయానికొస్తే, బరువు తిప్పి అదిరించే చవక మోటార్లు వద్దు. అవి వేగం అందుకోవడానికీ ఆగడానికీ సమయం తీసుకుంటాయి, అడుగు కంటికి ముందు, చేతికి తర్వాత చేరుతుంది. స్పీకర్‌లా తీగచుట్టతో పనిచేసేవి చురుకైనవి. బ్లూటూత్ కూడా ఆలస్యం చేస్తుంది, తీగలే నయం. కంపనం తగ్గించుకునే మీట ప్రేక్షకుల చేతిలోనే ఉండాలి. కొందరికి కంపనం నిజంగా ఇబ్బంది.

చేతుల కదలికలు, చూపులు నేలకు చేరవు. మణికట్టుకు సెన్సర్ కట్టి చూశాం కానీ నాకు తృప్తినివ్వలేదు. వాటికి మాటల వర్ణనే మేలు. ప్రదర్శనకు ముందు చూపు లేనివారిని వేదిక మీదకు పిలిచి దుస్తులను, నేలను తాకనివ్వడం ఇంకా మేలు, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఒక మైకు, ఒక దిండుతో సాధన గదిలోనే మొదలుపెట్టండి. మొదటి దిండును నర్తకి చేతికే ఇవ్వండి. మరొకరు నర్తిస్తుంటే దాన్ని పట్టుకుని, ఏ అదురు అనవసరమో మా నర్తకే చెప్పింది.