బిల్లు కౌంటర్ కబుర్లు: అమెరికా గొడవ, మన కార్డు

(శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో 26 ఏళ్లు పనిచేసి రిటైరైన మా కాలమిస్టు, వైద్యం ఖర్చుల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో ఉంటారు. మొన్న వేసవిలో వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చాం. మనవడు సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగితే, ఇన్సూరెన్సు ఉండి కూడా చేతి నుంచి రెండు వేల డాలర్ల పైనే కట్టారు. ప్రీమియం నెలనెలా జీతంలో కోతే. అందరి బిల్లూ ప్రభుత్వమే కట్టాలని అక్కడ కొందరు, అలా చేస్తే దేశం దివాలా తీస్తుందని కొందరు. 'సింగిల్ పేయర్' అంటారట. అమ్మాయి కావాలంటుంది, అల్లుడు వద్దంటాడు. భోజనాల దగ్గర రోజూ ఇదే రభస. అది మన ఆరోగ్యశ్రీ లాంటిదేనా? నిజంగా అంత ఖర్చవుతుందా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: చెల్లెమ్మా, ముందు మనవడి చెయ్యి సరిగ్గా అతుక్కుందని అనుకుంటున్నాను. మీరు రాసిన ఉత్తరంలో ఆ సంగతి లేదు, బిల్లు సంగతే ఉంది. మా కౌంటర్ దగ్గరా అంతే, రోగి ఎలా ఉన్నాడో అడిగేవాళ్ల కన్నా ఎంతయిందో అడిగేవాళ్లే ఎక్కువ.

సింగిల్ పేయర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఆసుపత్రి ఎవరిదైనా కావచ్చు, డాక్టరు ఎవరైనా కావచ్చు, బిల్లు మాత్రం ఒక్క చోటికే వెళుతుంది. కెనడాలో ఉన్నది అదే. అక్కడ సస్కాచెవాన్ అనే రాష్ట్రంలో 1962లో మొదలుపెట్టినప్పుడు డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. తర్వాత దేశమంతా అదే పద్ధతికి వచ్చింది. ఇంగ్లండు వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి 1948లో ఆసుపత్రులనే ప్రభుత్వపరం చేసుకున్నారు, అది వేరే లెక్క. అసలు అమెరికాలోనే 65 దాటినవాళ్లకు 1965 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ బీమా ఉంది, దాని పేరు మెడికేర్. దాన్నే అన్ని వయసులవాళ్లకూ ఇమ్మని బెర్నీ శాండర్స్ అనే సెనేటరు 2017లో అక్కడి పార్లమెంటు పైసభ అయిన సెనేట్‌లో చట్టం కోసం బిల్లు పెట్టాడు. మీ ఇంట్లో భోజనాల దగ్గర నడుస్తున్న గొడవకు మూలం చాలావరకు అదే.

ఇక మన కార్డు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లో వచ్చింది: మహబూబ్‌నగర్, అనంతపురం, మన శ్రీకాకుళం. నేను అప్పుడు కౌంటర్లోనే ఉన్నాను. హిరమండలం వైపు నుంచి వచ్చిన ఒక తాత తెల్లకార్డుతో పాటు ఒక గుడ్డమూట కూడా బల్ల మీద పెట్టాడు. తుంటి ఎముక ఆపరేషన్ కోసం ఎద్దుల్ని అమ్మి తెచ్చిన డబ్బు అది. 'ఇది అక్కర్లేదు తాతా, తీసుకో' అన్నాను. తీసుకోలేదు. వెళ్లేటప్పుడు ఎలాగూ అడుగుతారని అతని నమ్మకం. డిశ్చార్జి రోజు దాకా ఆ మూటను తలగడ కిందే పెట్టుకున్నాడు.

కాబట్టి పోలిక ఉంది, కానీ సగమే. మన కార్డుతో ఆపరేషన్లు, పెద్ద జబ్బులు గట్టెక్కుతాయి. ఓపీ చీటీ, నెలనెలా వాడే బీపీ, షుగరు మాత్రలు, బయట చేయించే స్కానింగు చాలావరకు మన జేబు మీదే పడతాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట వైపు డయాలసిస్ ఉచితమే. వారానికి రెండు మూడు సార్లు వెళ్లిరావడానికి ఆటో ఉచితం కాదు, తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలీ ఎవరూ ఇవ్వరు. కెనడాలోనూ పళ్ల వైద్యం, ఆసుపత్రి బయట కొనుక్కునే మందులు మొదటి నుంచీ ఆ పద్ధతిలో పూర్తిగా చేరలేదు.

ఖర్చు సంగతికి వద్దాం. శాండర్స్ బిల్లు అమలైతే పదేళ్లలో అమెరికా కేంద్ర ప్రభుత్వం మీద అదనంగా 32.6 ట్రిలియన్ డాలర్ల భారం పడుతుందని 2018లో మెర్కేటస్ సెంటర్ అనే సంస్థ లెక్క వేసింది. మన లెక్కలో ఒక ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. మీ అల్లుడు ఈ అంకె చెప్పే ఉంటాడు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ప్రభుత్వం, జనం, కంపెనీలు అందరూ కలిపి వైద్యానికి పెట్టే మొత్తం ఖర్చు పదేళ్లలో దాదాపు 2 ట్రిలియన్లు తగ్గొచ్చని. మీ అమ్మాయి ఇది చెప్పే ఉంటుంది. ఇద్దరూ ఒకే కాగితంలోంచి చదువుతున్నారు!

అదెలాగంటారా? నలుగురు అన్నదమ్ములు ఎవరి సరుకులు వాళ్లు తెచ్చుకునే ఇంట్లో, ఇకనుంచి డబ్బు నా చేతికిచ్చేయండి, కొట్లో నేనే కడతానని తండ్రి అన్నాడనుకోండి. తండ్రి ఖాతా చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇంటి మొత్తం ఖర్చు మాత్రం పెరగాలనేం లేదు, టోకున బేరమాడితే తగ్గనూ వచ్చు. అయితే కొడుకులు తండ్రికి డబ్బివ్వాలి కదా, దానికే పన్ను అని పేరు. మన జిల్లా జనాభాలో మూడో వంతు కూడా లేని వెర్మాంట్ అనే అమెరికా రాష్ట్రం 2011లో ఇందుకు చట్టం చేసుకుంది. 2014 డిసెంబరులో గవర్నరు పీటర్ షమ్లిన్ లెక్కలు ముందేసుకున్నాడు. యజమానుల మీద జీతాల మొత్తంలో 11.5 శాతం, జనం మీద ఆదాయాన్నిబట్టి 9.5 శాతం దాకా పన్ను వేయాల్సి వస్తుందని తేలింది. అంతటితో తనే వదిలేశాడు.

ఆ 2 ట్రిలియన్ల ఆదాకి ఒక షరతుంది. ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీలు ఇస్తున్న రేటు కన్నా బాగా తక్కువైన మెడికేర్ రేటుకు ఆసుపత్రులన్నీ ఒప్పుకోవాలి. అవి అంత తేలిగ్గా ఒప్పుకోవని ఆ నివేదిక రాసినాయనే అనుమానపడ్డాడు. ఇక్కడ నాకు కొంచెం మాట్లాడే హక్కుంది. మా దగ్గర ఒకే ఆపరేషన్‌కి మూడు రేట్లుండేవి: క్యాష్ రేటు, ఇన్సూరెన్సు రేటు, కార్డు ప్యాకేజీ. కౌంటర్లో నలుగురం ఉంటే ఒకరు బిల్లు రాసేవారు, ముగ్గురం ఇన్సూరెన్సు వాళ్ల ప్రశ్నలకు జవాబులు టైపు చేసేవాళ్లం. అన్ని బిల్లులూ ఒకే చోటికి, ఒకే రేటుకు వెళితే ఆ ముగ్గురి జీతం మిగిలేది. అమెరికాలో ఈ కాగితాల ఖర్చు ఇంకా దారుణం, సింగిల్ పేయర్ వాళ్ల వాదనలో నాకు బాగా నచ్చిన ముక్క అదే.

రెండో వైపు కూడా చెప్పాలి. కార్డు బిల్లులు నెలల తరబడి రాకపోతే మందుల సప్లయరు సరుకు ఆపేసేవాడు, నర్సుల జీతాలు వాయిదా పడేవి. అప్పుడు పైనుంచి ఒక మాట వచ్చేది: 'కార్డు మంచాలు ఖాళీ లేవని చెప్పండి.' లోపల ఖాళీ మంచాలు కనిపిస్తూనే ఉండేవి. పలాస నుంచి, పాతపట్నం నుంచి బస్సు దిగి వచ్చినవాళ్లకు ఖాళీ లేదని చెప్పింది ఎవరో కాదు, నేనే. బిల్లు కట్టేది ఒక్కరే అయినప్పుడు ఆ ఒక్కరు ఆలస్యం చేస్తే ఇంకో గుమ్మం ఉండదు. అందుకని ఈ చర్చలో ఎవరు కడతారు అన్నదానికన్నా ఏ రేటుకు, ఏ తారీఖుకు అన్నదే నేను ముందు అడుగుతాను.

అల్లుడి మీద కోపం పెట్టుకోకండి. మంచి కంపెనీ ఇన్సూరెన్సు ఉన్న పడుచువాడికి ఇందులో నష్టం ఉండొచ్చు. కాకపోతే తన జీతంలో కోసే ప్రీమియం ఒక్కటే చూడొద్దనండి. కంపెనీ తన తరఫున కట్టే వాటా, కట్టు కట్టించిన ఆ రెండు వేలు కూడా కలిపి, రాబోయే పన్నుతో పోల్చమనండి. అమ్మాయికి కెనడాలో మోకాలి ఆపరేషన్‌కి నెలల తరబడి ఎదురుచూసేవాళ్ల సంగతి చెప్పండి. మీరు మాత్రం ఆ గొడవ ఇంటికి తెచ్చుకోకండి, రెండోసారి వెళ్లేటప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్సు మర్చిపోకండి.

ప్రశ్న: అన్నీ ఉచితమంటే జనం ఊరికే ఆసుపత్రికి పరిగెత్తరా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఊరికే వస్తోంది కదా అని కడుపు కోయించుకునేవాణ్ని నేను చూడలేదు. డబ్బు వస్తోంది కదా అని కోసేవాళ్ల గురించి మాత్రం విన్నాం. మన రాష్ట్రంలో అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ల మీద గగ్గోలు రేగి, కార్డు మీద చేసేవాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. కాపలా పెట్టాల్సింది రోగికి కాదు బాబూ.

ప్రశ్న: కార్డు మీద ఆపరేషన్ అయింది. డిశ్చార్జి రోజు 'బయటి మందులకు' అంటూ ఎనిమిది వేలు అడిగారు. ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: అక్కడే కూర్చునే ఆరోగ్యమిత్రకు చెప్పండి, వినకపోతే 104కి ఫోను చేయండి. ఈలోగా కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఇస్తాను గాని రసీదు రాసివ్వండి అని నెమ్మదిగా అడగండి. రసీదు మాట వినగానే గొంతు మారుతుంది. మా కౌంటర్లోనూ మారేది.