స్పార్కల్‌ను నమ్ముకుని ఉద్యోగానికి వెళ్లొచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎస్‌క్యూఎల్ బాగా వచ్చు. ప్రాజెక్టు కోసం వికీడేటా అనే ఉచిత ఆన్‌లైన్ డేటా భాండారం మీద స్పార్కల్ (గ్రాఫ్ రూపంలోని డేటాతో పనిచేసే భాష) క్వెరీలు రాశాక ఈ సబ్జెక్టే నచ్చేసింది. ఉద్యోగాలు దొరుకుతాయో లేదోనని టెన్షన్‌గా ఉంది. ఇందులోనే కొనసాగమంటారా?

జవాబు: కొనసాగండి. కానీ ఇదొక్కటే పట్టుకుని కూర్చోవద్దు. స్పార్కల్ పేరుతో వెతికితే ప్రకటనలు తక్కువే కనిపిస్తాయి. నాలెడ్జ్ గ్రాఫ్ (విషయాల మధ్య సంబంధాలు చూపే డేటా) ఇంజినీర్, ఆంటాలజిస్ట్ (ఆ విషయాల వర్గాలు, సంబంధాలు నిర్వచించేవారు), డేటా ఇంజినీర్ అని వెతకండి. పైథాన్, జావాల్లో ఒకటి గట్టిగా వచ్చి ఉండాలి.

ఒక్క లోటు మాత్రం వెంటనే పూడ్చుకోండి. వికీడేటా క్వెరీ సర్వీస్‌లో డేటాను చదవగలరు గానీ మార్చలేరు. అంటే మీరు నేర్చుకున్నది సగమే. 2008లో ప్రమాణంగా వచ్చిన స్పార్కల్ కూడా చదవడానికే పనికొచ్చేది. డేటాను మార్చే అప్‌డేట్ 2013లో స్పార్కల్ 1.1తో వచ్చింది. అపాచీ జెనా ఫ్యూసెకి అనే స్పార్కల్ సర్వర్ ఉచితం. మీ కంప్యూటర్‌లో పెట్టుకుని అప్‌డేట్‌లు రాయండి.

ఎస్‌క్యూఎల్ అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది. ఒక ఉద్యోగి హోదాను 'ఇంజినీర్' నుంచి 'మేనేజర్'కు మార్చాలనుకుందాం. కొత్తది చేర్చే ఇన్సర్ట్ ఒక్కటే రాస్తే పాత హోదా పోదు, ఆయనకు రెండు హోదాలు ఉండిపోతాయి. అందుకే పాతది తీసేసే డిలీట్, ఇన్సర్ట్, ఏది మార్చాలో వెతికే వేర్ మూడూ కలిపి రాస్తాం. ఇక డేటాలో 'ఇంజినీర్' పక్కన తెలుగు అని చెప్పే భాషా ట్యాగ్ ఉండి, మీ వేర్‌లో అది లేకపోతే రెండూ కలవవు. ఏమీ మారదు. అయినా సర్వర్ ఎర్రర్ ఇవ్వదు, పని అయిపోయిందనే చెబుతుంది! వేర్ మరీ వదులుగా రాస్తే దీనికి రివర్స్: అక్కర్లేనివీ చెరిగిపోతాయి. కాబట్టి అప్‌డేట్ నడిపే ముందు ఆ వేర్ భాగాన్నే సెలెక్ట్‌తో నడిపి ఏమేం దొరుకుతున్నాయో చూడండి, నడిపాక మళ్లీ చూడండి. ఈ అలవాటు ఉన్నవాళ్లకే లైవ్ డేటా ధైర్యంగా అప్పగిస్తారు.

నెట్ మీదుగా పంపేటప్పుడు క్వెరీ గెట్, పోస్ట్ అనే రెండు హెచ్‌టీటీపీ పద్ధతుల్లో దేనిలోనైనా వెళ్తుంది, అప్‌డేట్ పోస్ట్‌లోనే వెళ్లాలి. ఎవరికి రాసే అనుమతి ఉండాలన్నది మాత్రం సర్వర్ నడిపేవాళ్లే చూసుకోవాలి. మీ ప్రాజెక్టులో లాగిన్ ఉన్నవాళ్లే మార్చగలిగేలా చిన్న ఏర్పాటు చేసి, ఇంటర్వ్యూలో అదే చూపించండి. ఆ తర్వాత షాకల్ (డేటా నియమాల ప్రకారం ఉందో లేదో తనిఖీ చేసే భాష) మొదలుపెట్టండి. రెండు హోదాలున్న ఉద్యోగిని పట్టి చూపించేది అదే.