పవర్ సరిగానే ఉంది, మరి బోర్డుల అంచున ఈ రంగులు ఎక్కడివి?

మీరు మైనస్ 7 పవర్‌కి కొత్తగా సన్నని అద్దాలు వేయించుకున్నారు. ఎదురుగా చూస్తే అంతా స్పష్టంగానే ఉంది. కళ్ళు పక్కకి తిప్పితే మాత్రం బోర్డుల అంచున నీలం, నారింజ గీతలు కనిపిస్తున్నాయి. షాపువాళ్ళేమో పవర్ కరెక్టే అంటున్నారు. కళ్ళకే ఏమైనా అయిందా అని అడిగారు.

ఆ భయం నేనూ పడ్డాను. నాది మైనస్ ఏడున్నర. మూడేళ్ళ క్రితం కోఠీలో ఒక షాపులో, మామూలు అద్దాలైతే సోడాబుడ్డీల్లా ఉంటాయి, 1.67 తీసుకోండి అన్నారు (కాంతిని అద్దం ఎంత వంచుతుందో చెప్పే అంకె ఇది, అది ఎక్కువైతే అద్దం సన్నగా వస్తుంది). తీసుకున్నాను. ఆ సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి తలెత్తకుండా కళ్ళు మాత్రమే పైకెత్తి చూస్తే, పైనున్న లైట్లన్నిటికీ కింద నీలం అంచు, పైన నారింజ అంచు. ఎల్బీనగర్‌లో దిగేసరికి తలనొప్పి కూడా పట్టుకుంది. పెద్ద మైనస్ ఉన్నవాళ్ళకి రెటీనా, అంటే కంటి వెనక ఉండే తెర, ఊడే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువని చదివి ఉన్నాను కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి వెళ్ళాను. చుక్కల మందు వేసి రెటీనా మొత్తం చూశారు, బాగానే ఉంది. చూసిన డాక్టరమ్మ ఒకే మాట అడిగారు: "కళ్ళజోడు తీసేస్తే కూడా రంగులు వస్తున్నాయా?" అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మీరూ ఇది చేయండి. 100ని మీ పవర్‌తో భాగిస్తే 14 వస్తుంది. అద్దాలు లేకుండా మీకు స్పష్టంగా కనిపించే దూరం అదే, దాదాపు 14 సెంటీమీటర్లు. ఫోన్‌లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టి, అంత దగ్గరగా పట్టుకుని, అక్షరాలను ఓరకంటితో చూడండి. నాకు ఒక్క రంగు కూడా కనిపించలేదు. అంటే రంగు పుట్టేది అద్దంలోనే.

ఎందుకంటే, మైనస్ అద్దం మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. మధ్యలోంచి చూసినప్పుడు అది లెన్సులా మాత్రమే పనిచేస్తుంది. అంచులోంచి చూస్తే పట్టకంలా కూడా పనిచేస్తుంది, స్కూల్లో ఇంద్రధనుస్సు చూపించే ఆ గాజు పట్టకంలాగే. నీలం ఎక్కువ వంగుతుంది, ఎరుపు తక్కువ. ఎంత పట్టకం అన్నదానికి లెక్క సులువు: అద్దం కేంద్రం నుంచి ఎన్ని సెంటీమీటర్లు పక్కకి చూస్తున్నామో దాన్ని పవర్‌తో గుణించాలి. నా ఏడున్నరకి ఒకటిన్నర సెంటీమీటర్ పక్కకి చూస్తే 11.25 ప్రిజం డయాప్టర్లు, పట్టకం ఎంత వంచుతుందో కొలిచేది ఇందులోనే.

అది ఏ అద్దమైనా ఒకటే. తేడా వచ్చేది ఆ వంపులో రంగులు ఎంత విడిపోతాయన్న దగ్గర. దాన్ని అబ్బే నంబర్‌తో కొలుస్తారు, జర్మన్ శాస్త్రవేత్త ఎర్నస్ట్ అబ్బే పేరు మీద. ఈ నంబర్ ఎంత ఎక్కువైతే రంగులు అంత తక్కువ. మామూలు ప్లాస్టిక్ అద్దం, సీఆర్-39 అంటారు, దానిది 58. 1.67ది 32 దగ్గర, పాలికార్బనేట్‌ది 30. పై పట్టకాన్ని ఈ నంబర్‌తో భాగించి చూడండి: మామూలు అద్దానికి 0.19, నా సన్న అద్దానికి 0.35. దాదాపు రెట్టింపు. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. అద్దం ఎంత సన్నమో చెప్పారు, ధర చెప్పారు, అంతే. ఇది నాకిప్పటికీ బాధే, ఎందుకంటే పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళకి ముందుగా చెప్పాల్సింది ఇదే.

మన కన్నూ ఇందుకు మినహాయింపు కాదు. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా, లోపలి లెన్సు కలిపి దాదాపు 60 డయాప్టర్లు (మన అద్దాల పవర్ కొలిచేదీ ఇందులోనే), అందులో ఎక్కువ భాగం కార్నియాదే. కన్ను కూడా నీలాన్ని, ఎరుపుని ఒకేచోట ఫోకస్ చేయలేదు, రెండింటి మధ్య సుమారు 2 డయాప్టర్ల తేడా ఉంటుంది. పరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ పలకల మీద అక్షరాలు చూపించి ఏవి నల్లగా ఉన్నాయని అడిగేది ఈ తేడాని వాడుకునే. పుట్టినప్పటి నుంచీ ఉన్నది కాబట్టి మెదడు దాన్ని పట్టించుకోదు. కొత్త అద్దంతో నేల వంగినట్టు కనిపించడం నాకు వారంలో సర్దుకుంది, రంగులు మాత్రం తగ్గలేదు.

ఇక తలనొప్పి. దాని కారణం వేరే. ఇంకో చోట అద్దాల పవర్, కేంద్రం కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టిస్తే, నా రెండు కనుపాపల మధ్య దూరం, అంటే పీడీ 61 మిల్లీమీటర్లయితే, అద్దాల కేంద్రాలు 65 దగ్గర ఉన్నాయి. ఒక్కో కంటికి 2 మిల్లీమీటర్లు బయటికి. చిన్న పవర్‌కైతే తెలియదు. ఏడున్నరకి రెండు కళ్ళూ కలిపి 3 ప్రిజం డయాప్టర్లు, దూరం చూసిన ప్రతిసారీ కళ్ళు ఒకదాన్నుంచి ఒకటి బయటికి లాగుతూ ఉండాలి. పవర్ అక్షరాలా కరెక్టే, నొప్పి మాత్రం నిజం.

నేను చివరికి 1.60 రకం వేయించుకున్నాను, దాని అబ్బే నంబర్ 40 దాటి ఉంటుంది. ఫ్రేమ్ కూడా చిన్నది చేశాను. ఫ్రేమ్ కాడ లోపల 52, 18 అని అంకెలుంటాయి: అద్దం వెడల్పు, ముక్కు మీది దూరం. ఆ రెండూ కలిపితే వచ్చేది మీ పీడీకి దగ్గరగా ఉండాలి. నా పాతది 70, ఇప్పటిది 64. ఫ్రేమ్ చిన్నదైతే అంచు మందం దానంతటదే తగ్గుతుంది, అందుకని 1.60 కూడా నాకు సోడాబుడ్డీలా లేదు. రంగులు పూర్తిగా పోలేదు, ఓరకంటికి కొద్దిగా ఉంటాయి. తలనొప్పి పోయింది.

ఒక్క విషయంలో ఆలస్యం చేయకండి. అద్దాలు తీసినా రంగుల వలయాలు కనిపిస్తున్నా, మెరుపులు, ఉన్నట్టుండి నల్ల చుక్కలు, పక్కనుంచి తెర దిగినట్టు ఉన్నా అది అద్దం సమస్య కాదు, ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి.

అవేవీ లేకపోతే ఫ్రేమ్ కాడ మీది అంకెలు, చీటీలో రాసిన పీడీ, అద్దం ఏ రకమో కింద రాయండి. చీటీలో పీడీ లేకపోతే ముందు అది కొలిపించుకోండి, లెక్క నేను వేసి చెప్తాను.