ఎల్లో ఫీవర్ కార్డులో తేదీ దాటిపోయిందా? కంగారొద్దు

ప్రశ్న: మా ఆయనకు 61 ఏళ్లు, నైజీరియాలోని లాగోస్‌లో ఉద్యోగం. వచ్చే నెల దుబాయ్, హైదరాబాద్ మీదుగా వైజాగ్ వస్తున్నారు. 2014లో ఇక్కడే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారు. కార్డులో 2024 వరకే అని రాసి ఉంది, పైగా పాస్‌పోర్టు మారింది. విమానం ఎక్కనివ్వరని అక్కడివాళ్లు అంటున్నారట. మళ్లీ టీకా వేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అక్కర్లేదమ్మా. 2016 జులై 11 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన మారింది, ఒక్కసారి వేయించుకున్న టీకా జీవితాంతం చెల్లుతుంది, అంతకుముందు పదేళ్ల గడువుతో ఇచ్చిన పాత కార్డులకూ ఇదే వర్తిస్తుంది. చెక్-ఇన్ కౌంటర్లో కుర్రాళ్లు తేదీ చూసి అడ్డం తిరగొచ్చు కాబట్టి ఆ నిబంధన ప్రింటు తీసి జేబులో పెట్టుకోమనండి, వాదన కంటే కాగితం తొందరగా పని చేస్తుంది.

అసలు చిక్కు పాస్‌పోర్టు నంబరుతోనే. కార్డు మీద పాత నంబరు ఉంటుంది కదా, అందుకని రద్దయిన పాత పాస్‌పోర్టు కూడా చేతి బ్యాగులోనే ఉండాలి, సూట్‌కేసులో పడేసి లగేజీకి ఇచ్చేస్తే ఏం లాభం! కార్డు మీద మీ వారి సంతకం, డాక్టరు సంతకం, టీకా బ్యాచ్ నంబరు, సెంటర్ ముద్ర ఉన్నాయో లేదో ఇప్పుడే ఫోటో తీసి పంపమనండి. ఏదైనా చెరిగిపోతే ఈ టీకా వేసే ప్రభుత్వ కార్యాలయం, ఇక్కడి పోర్ట్ హెల్త్ ఆఫీసుకు వెళ్లి అడగండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎల్లో ఫీవర్ నైజీరియాలో ఉంది, మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే ఈడిస్ దోమ, అదే డెంగీ దోమ, కావలసినంత ఉంది. అందుకే సరైన కార్డు లేకుండా దిగితే హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే ఆపి, 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. దేశంలోకి అడుగుపెట్టేది అక్కడే కాబట్టి వైజాగ్ దాకా వచ్చాక ఈ తనిఖీ ఉండదు.

భయపడి లాగోస్‌లో ఇంకో డోసు మాత్రం వేయించుకోవద్దు. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. అరవై దాటాక తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు, అరుదే అయినా, కాస్త ఎక్కువ. ఆ ముప్పు ముఖ్యంగా మొదటి డోసుతోనే, నిజమే, కానీ అవసరం లేని సూది ఎందుకు?

నాకు ఎల్లో ఫీవర్ కంటే మలేరియా గురించే టెన్షన్. ఇంటికొచ్చాక, నెల రెండు నెలల తర్వాతైనా సరే, జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని చూద్దామనుకోవద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించండి, నైజీరియా నుంచి వచ్చారని డాక్టరుకు ముందే చెప్పండి.