ట్విలైట్ జోన్ నచ్చినవాళ్ళకి నైట్ గ్యాలరీ నచ్చుతుందా? ఎక్కడ మొదలెట్టాలి?

ట్విలైట్ జోన్ (వింత కథల పాత అమెరికన్ టీవీ సిరీస్) మొత్తం చూసేశాను, దాన్ని తీసిన రాడ్ సెర్లింగే తర్వాత చేసిన దెయ్యం కథల సిరీస్ నైట్ గ్యాలరీ మూడు నాలుగు ఎపిసోడ్లు చూస్తే చప్పగా ఉంది, ఆపేయనా అని అడిగారు కదా. ఆపకండి. ముందు మీ దగ్గరున్నది ఏ వెర్షనో చూసుకోండి, ఒక్కో ఎపిసోడ్ అరగంటలోపే అయిపోతూ కథ మధ్యలో ఏదో ఎగిరిపోయినట్టుంటే అది కట్ చేసిన ప్రింట్ అయ్యుండొచ్చు.

నేను అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు రాత్రిళ్ళు టీవీలో రీరన్స్ వచ్చేవి, అలా తెలిసింది నాకీ సిరీస్. అసలు అమెరికన్ ఛానల్ ఎన్‌బీసీలో వచ్చినప్పుడు (1970 నుంచి 73 దాకా) మొదటి రెండు సీజన్లు గంట ఎపిసోడ్లు, ఒక్కో గంటలో రెండు మూడు కథలు, ఒక్కోసారి నాలుగు. తర్వాత రీరన్స్ కోసం అమ్మేటప్పుడు అన్నీ అరగంట ముక్కలు చేసేశారు, పెద్ద కథల్ని కోసేశారు, చిన్న కథల్ని ఎక్కడెక్కడివో షాట్లు తెచ్చి సాగదీశారు, అది చాలదన్నట్టు ద సిక్స్త్ సెన్స్ అని ఇంకో సీరియల్ ఉంటే దాని ఎపిసోడ్లు కూడా కోసి ఇందులో కలిపేశారు. వాటికీ సెర్లింగ్ చేతే ఇంట్రో చెప్పించారు, అందుకని చూసేవాళ్ళకి తేడా తెలీదు. నేను లైబ్రరీలో డీవీడీలు తెచ్చుకుని పూర్తి వెర్షన్ చూశాక గానీ నాకు ఈ సిరీస్ మీద ఇష్టం ఏర్పడలేదు. కాబట్టి డీవీడీలో గానీ ఎక్కడైనా గానీ మొదటి రెండు సీజన్లు గంట నిడివి ఉన్నవే వెతికి చూడండి.

ఇంకో సంగతి, దీన్ని ట్విలైట్ జోన్ రెండో భాగం అనుకుని చూడొద్దు. అక్కడ పగ్గాలు సెర్లింగ్ చేతిలో ఉండేవి, 156 ఎపిసోడ్లలో 92 ఆయనే రాశాడు. ఇక్కడ ప్రొడ్యూసర్ జాక్ లెయర్డ్ మాట చెల్లేది, సెర్లింగ్ చీకటి గ్యాలరీలో పెయింటింగుల మధ్య నిలబడి కథ పరిచయం చేసేవాడు, స్క్రిప్టులు ఇచ్చేవాడు, వాటిలో కొన్ని వెనక్కి వచ్చేవి కూడా. కథకీ కథకీ మధ్య రెండు మూడు నిమిషాల డ్రాకులా జోకులు పెట్టడం లెయర్డ్ ఐడియా, సెర్లింగ్‌కి అవంటే అస్సలు గిట్టేది కాదు. నా సలహా, అవి వస్తే ఫార్వర్డ్ కొట్టేయండి. మంచి దెయ్యం కథ చూశాక మనసులో ఒక బరువు మిగుల్తుంది కదా, ఈ జోకులు దాన్ని పాడుచేస్తాయి.

మొదలెట్టాల్సింది 1969 నవంబర్‌లో వచ్చిన పైలట్‌తో, అంటే సిరీస్ కంటే ముందు ట్రయల్‌గా తీసిన సినిమాతో. మూడు కథలు, అందులో రెండోది ఐస్ తీసింది స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి ఇంకా 22 ఏళ్ళ కుర్రాడు, ఎదురుగా జోన్ క్రాఫర్డ్ అంతటి స్టార్. పుట్టు గుడ్డి అయిన కోటీశ్వరురాలు, కొన్ని గంటల చూపు కోసం అప్పుల్లో మునిగిన ఒకడి కళ్ళు కొనుక్కుంటుంది, ఆపరేషన్ చేయనన్న డాక్టర్‌ని బెదిరించి ఒప్పిస్తుంది. కట్టు విప్పే రాత్రి ఏమవుతుందో చెప్పను. అందులో దెయ్యం లేదు, డబ్బుంటే మనిషి ఒంట్లో భాగం కూడా కొనొచ్చు అనుకునే ఆవిడ ధీమా చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత ఫస్ట్ సీజన్‌లో దే ఆర్ టేరింగ్ డౌన్ టిమ్ రైలీస్ బార్. ఇది హారర్ అనలేం, కానీ ఈ సిరీస్ మొత్తంలో నేను దాచుకున్న కథ ఇదే. పాతికేళ్ళు ఒకే కంపెనీలో పనిచేసిన సేల్స్ మనిషి, భార్య ఎప్పుడో పోయింది, కింద ఉన్న కుర్రాడు పైకి ఎగబాకుతున్నాడు, తను వయసులో ఉన్నప్పుడు కూర్చున్న బార్‌ని కూలగొడుతున్నారు, ఆ మూసేసిన బార్ కిటికీలోంచి అతనికి పాతవాళ్ళంతా కనిపిస్తుంటారు. విలియమ్ విండమ్ చేశాడు, ఈ కథకి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) నామినేషన్ కూడా వచ్చింది. మా నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఇది చూపించాను. ఆయన జీవితమంతా ఒకే షుగర్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు, ఇంగ్లీష్ డైలాగులు సగం అర్థం కాకపోయినా ఎక్కడా ఆపి అడగలేదు, అయిపోయాక మాత్రం "వాడి పేరు ఎవరైనా పిలుస్తారా లేదా అనే చూస్తున్నాన్రా" అన్నారు. నాకైతే ఆ కథ గురించి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

నిజంగా భయం కావాలంటే సెకండ్ సీజన్‌లో ద క్యాటర్‌పిల్లర్. బోర్నియోలో వానలు, పొగాకు తోట, ముసలి మొగుడు, వయసులో ఉన్న పెళ్ళాం, ఆమె మీద కన్నేసిన లారెన్స్ హార్వీ, మధ్యలో చెవిలో దూరే ఒక పురుగు. ఆ పురుగు మెదడు తొలుచుకుంటూ పోతుందనేది ఉత్త నమ్మకమే, నిజం కాదు, కానీ చిన్నప్పుడు నేల మీద పడుకుంటే చెవిలో జెర్రి దూరుతుందని అమ్మమ్మల చేత చెప్పించుకున్న మనకి ఆ లాజిక్ ఏం పనిచేస్తుంది చెప్పండి! పురుగుని దగ్గరగా చూపించడం చాలా తక్కువ, భయమంతా హార్వీ మొహంలోనే ఉంటుంది. ఆఖరి డైలాగ్ ముందే ఎక్కడా చదవకండి.

ద డాల్ కూడా చూడండి, ఇండియాలో పనిచేసొచ్చిన బ్రిటిష్ కల్నల్ ఇంటికి మన దేశం నుంచి ఒక బొమ్మ వస్తుంది, అక్కడ ఆయన చంపించిన మనిషి సోదరుడి పగ అది. ఇండియన్ పాత్రకి మేకప్ వేసి అమెరికన్ నటుణ్ణి పెట్టారు, అది నాకు బాధగానే ఉంటుంది. కానీ అక్కడ చేసిన పని సముద్రం దాటి ఇంటిదాకా వస్తుందన్న ఆలోచనని కథ చివరిదాకా వదల్లేదు, అందుకు చూస్తాను.

ఇవి నచ్చితే అప్పుడు ద సిన్స్ ఆఫ్ ద ఫాదర్స్ పెట్టుకోండి. వేల్స్ దేశం, కరువు కాలం, చనిపోయినవాడి శవం దగ్గర పెట్టిన తిండి తింటే వాడి పాపాలు తిన్నవాడికి వస్తాయని నమ్మకం, ఆకలికి తట్టుకోలేని ఇంట్లోంచి తల్లే కొడుకుని ఆ పనికి పంపుతుంది, తినకు, దాచి ఇంటికి తీసుకురా అని చెప్పి. పదకొండో రోజు భోక్తగా కూర్చోమంటే మన ఊళ్ళల్లో ఎందుకు జంకుతారో తెలిసినవాళ్ళకి ఇది వేరే లెవెల్లో తగుల్తుంది. రిచర్డ్ థామస్ అప్పటికి ఇరవై ఏళ్ళవాడు, ఆ గదిలో వాడి ఏడుపు వినలేక నేను సౌండ్ తగ్గించుకున్నాను. థర్డ్ సీజన్ మాత్రం అసలే అరగంట ఎపిసోడ్లుగా వచ్చింది, అందులో సెర్లింగ్ రాసినవీ తక్కువే, తొందరేం లేదు, చివర్లో చూసుకోవచ్చు.